దుర్గాబాయి పేరిట ఒక స్టేషన్

(ఢిల్లీలో చదువుకొంటున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ సాయంకాలం ఏదైనా పెద్ద విషయం మీద మాట్లాడవలసినదిగా నిర్వాహకులు కోరినారు. పెద్ద విషయాలను గురించి మీరు తరగతిలో ప్రతిదినం వింటూనే ఉన్నారు. అందుచేత నేను చిన్న విషయం ఒకటి ఎన్నుకొన్నాను. మీలో చాలమంది ఈ సభకు ఏ స్టేషనులో దిగి వచ్చినారో, ఆ స్టేషనును గురించి చెప్పదలచుకొన్నాను.

ఢిల్లీ మెట్రో గులాబీ రేఖ మీద, ధౌలా కువాకు సమీపంలో, ఎత్తైన స్తంభాలపై నిలిచిన స్టేషన్ అది. దాని పూర్తి పేరు ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’. అయితే ఆ పేరును పూర్తిగా పలికేది రైలులోని ప్రకటన ఒక్కటే. తక్కిన అందరికీ అది ‘సౌత్ క్యాంపస్’. ఆటో నడిపేవారికి, విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు కూడా అంతే. తొందరలో ఉన్నవారు పొడుగు పేర్లను కత్తిరించుకొంటారు, అందులో ఆశ్చర్యం లేదు. నాకు కష్టమనిపించిన సంగతి వేరొకటి. ఆ పేరు ఎవరిదని నేను పలువురిని అడిగి చూచినాను. దేశ్‌ముఖ్ అన్న ఇంటిపేరును బట్టి మహారాష్ట్ర వనిత అయి ఉండవచ్చునని కొందరు అన్నారు. ఎవరో రాజకీయ నాయకురాలు కాబోలునని మరికొందరు అన్నారు. ఇట్లా అన్నవారిలో తెలుగు విద్యార్థులు కూడా ఉన్నారు. వారి పేర్లు చెప్పను, వారు ఈ సభలోనే ఉండవచ్చును.

ముందు స్టేషను సంగతి. మజ్లిస్ పార్క్ నుండి ఈ స్టేషను వరకు గల మార్గం 2018 మార్చి 14న ప్రారంభమైనది. అక్కడి నుండి లాజ్‌పత్ నగర్ వరకు గల భాగం అదే సంవత్సరం ఆగస్టు 6న తెరచినారు. అంటే కొన్ని నెలలపాటు దుర్గాబాయి పేరే ఆ మార్గానికి చివరి మజిలీ. రైళ్ళన్నీ ఆ పేరును నుదుట వ్రాసుకొని తిరిగినవి. ధౌలా కువా వద్ద ఈ మార్గం విమానాశ్రయానికి పోయే మెట్రో మార్గం మీదుగా దాటవలసి వచ్చినది. అందుచేత అక్కడ పట్టాలను సుమారు 23 మీటర్ల ఎత్తున వేసినారు. ఏడంతస్తుల మేడ ఎత్తు అన్నమాట. ఆ రెండు మార్గాలను కలుపుతూ 2019 ఫిబ్రవరిలో ఒక పొడవైన ఆకాశ వంతెనను తెరచినారు. దానిలో నిలుచున్నవారిని తామే మోసుకొనిపోయే కదిలే బాటలు ఉన్నవి.

ఈ వంతెన వలన కలిగిన సౌకర్యం మన తెలుగువారికి ప్రత్యేకించి చెప్పవలసినది. 1976లో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయినది. ఆ రైలులో న్యూఢిల్లీ స్టేషనులో దిగిన విద్యార్థి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని బస్సుల కోసం వెదుకనక్కరలేదు. విమానాశ్రయపు మెట్రో ఎక్కితే రెండవ మజిలీ ధౌలా కువా. అక్కడి నుండి వంతెన మీదుగా నడచి వస్తే ఈ స్టేషన్. దిగితే బెనితో హువారెజ్ మార్గ్, దాని మీద ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణం. ఆ ప్రాంగణం 1973లో ఏర్పడి, 1984లో ఈ చోటికి తరలి వచ్చినది. హువారెజ్ మెక్సికో దేశానికి అధ్యక్షుడైన ఆదివాసి సంతతివాడు. ఒక మెక్సికో ఆదివాసి పేరు గల వీథిలోనికి ఒక తెలుగు స్త్రీ పేరు గల స్టేషను నుండి దిగడమన్నది ఢిల్లీలో మాత్రమే జరుగుతుంది.

ఇక ఆస్పత్రి. ఈ స్టేషనులో రైలెక్కి తూర్పుగా పోతే మోతీబాగ్, భికాజీ కామా ప్లేస్, సరోజినీ నగర్, తరువాత ఐ.ఎన్.ఎ. అక్కడ పసుపు రేఖకు మారితే తరువాతి స్టేషనే అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ. ఎయిమ్స్ అని అందరూ పిలిచేది అదే. ఉదయం ఎనిమిది గంటల వేళ ఈ రైలులో రెండు విధాల మనుష్యులు ఉంటారు. ఒకరి చేతిలో పుస్తకాల సంచీ, మరొకరి చేతిలో ఎక్స్‌రే కాగితాల కవరు. మొదటివారు మాట్లాడుకొంటూ ఉంటారు. రెండవవారు తలుపు పైనున్న మార్గపటం వంక చూస్తూ ఉంటారు. ఇప్పుడు మంగళగిరిలోను, బీబీనగరులోను అదే పేరు గల సంస్థలు వెలసినందున, మన ప్రాంతాల నుండి ఇంత దూరం రావలసిన అక్కర కొంత తగ్గి ఉండవచ్చును. అయినను ఆ రైలులో తెలుగు మాట వినబడని దినం అరుదు.

ఈ మార్గంలో మరొక విశేషం ఉన్నది. వరుసగా మూడు స్టేషన్లకు ముగ్గురు వ్యక్తుల పేర్లు ఉన్నవి. మొదటిది దుర్గాబాయిది. రెండవది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిది. మైసూరు రాష్ట్రంలో జన్మించిన ఆ మహా ఇంజనీరు పూర్వుల ఊరు మన మోక్షగుండం. 1908లో మూసీ నది వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, ఆ నగరానికి వరదల నుండి రక్షణ పథకం తయారుచేసినవారు ఆయనే. మూడవది 1907లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో భారత పతాకాన్ని ఎత్తిన పార్సీ వనిత భికాజీ కామాది. ఒకరు రాజమహేంద్రవరం, ఒకరు మైసూరు, ఒకరు బొంబాయి. కొద్ది నిమిషాల ప్రయాణంలో ముగ్గురినీ దాటిపోతాము.

అయితే వీరందరిలో ఈ స్టేషనుకు దుర్గాబాయి పేరే ఎందుకు తగినది? ఏదో ఒక పేరు పెట్టవలసి పెట్టినది కాదని నా అభిప్రాయం. ఆ స్టేషనుకు సమీపాననే శ్రీ వేంకటేశ్వర కళాశాల ఉన్నది. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం వారు దానిని స్థాపించినారు. అందుకు పూనుకొన్నవారు దుర్గాబాయి, ఆమె భర్త చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్, నాగార్జునసాగర్ నిర్మాణంతో ఎవరి పేరు విడదీయరానిదో ఆ కానూరి లక్ష్మణరావుగారు. తిరుమల కొండ మీద ఏ పల్లెటూరి రైతో హుండీలో వేసిన రూపాయి, ఢిల్లీలో హర్యానా బాలికకు రసాయనశాస్త్ర ప్రయోగశాల అయినది. ఆ మరుసటి సంవత్సరమే, 1962లో, దేశ్‌ముఖ్‌గారు ఢిల్లీ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైనారు. 1967 వరకు ఆ పదవిలో ఉన్నారు. అంతకు చాల ముందు, 1948లోనే, ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం దుర్గాబాయి ఆంధ్ర విద్యాసంఘాన్ని నెలకొల్పినారు. ఆ సంఘపు పాఠశాలలలో చదివి ఈ నగరంలో స్థిరపడిన కుటుంబాలవారు ఈ సభలో కొందరైనా ఉంటారని నా ఊహ.

ఇప్పుడు ఆమె సంగతి.

1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించినారు. ఎనిమిదవ యేట వివాహం చేసినారు. పెరిగి, తనకు బుద్ధి తెలిసిన తరువాత, ఆ వివాహబంధం నుండి తాను బయటికి వచ్చినారు. 1920ల నాటి గోదావరి జిల్లాలో అది ఎంతటి మాటో మీ అమ్మమ్మలను అడగండి. పన్నెండు పదమూడేండ్ల వయస్సులోనే హిందీ నేర్చి, కాకినాడలో స్త్రీలకు హిందీ నేర్పే పాఠశాల నడిపినారు. తాను విద్యార్థినిగా ఉండవలసిన వయస్సున ఉపాధ్యాయిని అయినారు.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. దానితోపాటు ఖద్దరు ప్రదర్శన ఉన్నది. ద్వారం వద్ద టికెట్లు చూడడం దుర్గాబాయి వంతు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చినారు, టికెట్టు లేదు. ఆమె లోనికి పోనీయలేదు. ఆయన ఎవరో ఆమెకు తెలియక కాదు. టికెట్టు లేనివారిని లోనికి పంపవద్దని తనకు చెప్పినారు గనుక. నిర్వాహకులు కంగారుపడి టికెట్టు కొని తెచ్చి ఇచ్చిన తరువాతనే ఆయనను పోనిచ్చినారు. ఈ కథ తెలుగునాట అందరికీ తెలిసినదే. ఆమె పేరు గల స్టేషనులో టికెట్టు చూపనిదే తెరుచుకోని యాంత్రిక ద్వారాల ముందు నిలుచున్న ప్రతిసారీ నాకు ఇది జ్ఞాపకం వస్తుంది. మెట్రో అధికారులు ఈ సంగతిని మనస్సులో ఉంచుకొని చేసినది కాదు గాని, ఆ ద్వారాలకు కూడా ఎవరి మొగమూ తెలియదు.

ఆ నెహ్రూగారే 1953 జనవరిలో ఆమెకు చింతామణి దేశ్‌ముఖ్‌తో వివాహం జరిగినప్పుడు సాక్షిగా సంతకం చేసినారు. అప్పుడు దేశ్‌ముఖ్ కేంద్ర ఆర్థిక మంత్రి. రిజర్వు బ్యాంకుకు గవర్నరైన మొదటి భారతీయుడు. ఈ రెండు సంఘటనల మధ్య ముప్పది సంవత్సరాలు గడచినవి. ఆ ముప్పదేండ్లలో ఆమె చేసినవి ఒకరి జీవితంలో పట్టేవి కావు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో పాల్గొని జైలుకు పోయినారు. 1930, 1933 సంవత్సరాల మధ్య మూడుమార్లు ఆమెకు శిక్ష పడినది. మధుర జైలులో ఏకాంతవాసం కూడా అనుభవించినారు. జైలులో ఆమె చూచినది తన కష్టాన్ని కాదు. చదువు లేక, చట్టం తెలియక, చేయని నేరాలను ఒప్పుకొని శిక్ష పొందిన స్త్రీలను చూచినారు. తాను న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం అక్కడ కలిగినది. కాని ఆమె చేతిలో మెట్రిక్యులేషను సైతం లేదు! విడుదలై వచ్చి, ఇరువది ఏండ్లు దాటిన తరువాత, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు చదివినారు. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం, మద్రాసులో న్యాయశాస్త్రం.

తనకు దొరికిన త్రోవను తన తరువాతివారికి మూసివేయకపోవడం ఆమె స్వభావం. మద్రాసులో ఇరుగుపొరుగు స్త్రీలను, భర్త విడిచినవారిని, వితంతువులను చేరదీసి, అదే కాశీ పరీక్షకు చదివించసాగినారు. అట్లా 1937లో ఆంధ్ర మహిళా సభ ఏర్పడినది. గమనించండి: బోధించినది తెలుగు స్త్రీ, చోటు తమిళ నగరం, పరీక్ష గంగాతీరంలోని విశ్వవిద్యాలయానిది. సమైక్యతను గురించి సభలు జరుపని రోజులలో జరిగిన పని ఇది.

1946లో మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైనారు. ఆ సభలో సభ్యత్వం వహించిన స్త్రీలు పదిహేనుమంది. అధ్యక్షుని స్థానంలో కూర్చుండుటకు ఎంపికైన వారి పట్టికలో ఉన్న స్త్రీ దుర్గాబాయి ఒక్కరే. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు ముప్పదియైదు అని ముసాయిదాలో ఉండగా, దానిని ముప్పదికి తగ్గించవలెనని సవరణ తెచ్చి గెలిపించినారు. యువతీ యువకులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను, మీ పక్షాన మాట్లాడినది ఆమె.

జాతీయభాషను గురించి చర్చ వచ్చినప్పుడు, హిందీ ఉర్దూలు కలిసిన హిందుస్తానీయే ఉండవలెనని ఆమె వాదించినారు. బాల్యం నుండి దక్షిణాదిన హిందీ నేర్పినవారు గనుక ఆ మాట అనడానికి ఆమెకు అధికారం ఉన్నది. ఆ అధికారంతోనే, హిందీ పక్షాన కొందరు చూపిన ఆవేశం దక్షిణాదివారి మనస్సులను ఎట్లా నొప్పించినదో కూడా మొగమాటం లేకుండా చెప్పినారు. ఆమె వాదం ఆ సభలో నెగ్గలేదు. ఆమె కోరిన దారిలో పోయి ఉంటే తరువాతి భాషా కలహాలు కొన్ని తప్పి ఉండేవని నాకు తోస్తుంది. దీనితో మీరు ఏకీభవించకపోవచ్చును. ఒక్కమాట మాత్రం నిజం. ఆమె పేరే ఒక హిందుస్తానీ. పుట్టినప్పటి పేరు తెలుగువారింటిది, ఇంటిపేరు మరాఠీ, తోకగా తగిలించిన ‘సౌత్ క్యాంపస్’ ఇంగ్లీషు, దానిని రైలులో చదివేది హిందీ గొంతు.

స్వాతంత్ర్యం తరువాత ఆమె ప్రణాళికా సంఘంలో సభ్యురాలైనారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనారు. 1958లో స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయ సంఘానికి అధ్యక్షత వహించినారు. ఆ మరుసటి సంవత్సరం వెలువడిన నివేదికలో, స్త్రీల విద్యను చాల సంవత్సరాలపాటు ఒక ప్రత్యేక సమస్యగానే చూడవలెనని, బాలబాలికల చదువుల మధ్యగల ఎడమును తగ్గించుటకు ప్రత్యేక ప్రయత్నం కావలెనని ఆ సంఘం చెప్పినది. ‘ప్రత్యేకం’ అన్న మాటను అప్పుడు కొందరు ఇష్టపడలేదు. అందరితోపాటే వారూ పెరుగుతారు గదా అన్నారు. దుర్గాబాయికి ఆ నమ్మకం లేదు. అందరితోపాటు పెరగనిచ్చి ఉంటే తాను ఎనిమిదవ యేట పెళ్ళిపీట ఎక్కవలసి వచ్చేది కాదు గదా! ఢిల్లీ మెట్రోలో 2010 నుండి రైలు మొదటి పెట్టెను స్త్రీలకు ప్రత్యేకించినారు. అందులో నిండా పుస్తకాలతో కూర్చున్న విద్యార్థినులను చూచినప్పుడు, ఆ నివేదికలోని ‘ప్రత్యేకం’ నాకు కనబడుతుంది.

ఎయిమ్స్ మాట చెప్పినాను గనుక మరొక సంగతి. ఆ సంస్థ 1956లో ఏర్పడుటకు కారకురాలు నాటి ఆరోగ్యశాఖ మంత్రి రాజకుమారి అమృత్ కౌర్. ఆమె కూడా ఆ పదిహేనుమందిలో ఒకరు. కపుర్తలా రాజవంశపు కుమార్తె ఒకరు, కాకినాడ మధ్యతరగతి ఇంటి బిడ్డ ఒకరు. ఇద్దరూ జైళ్ళకు పోయి వచ్చి ఒకే సభలో కూర్చున్నారు. ఆ ఇద్దరి పనులూ ఇప్పుడు ఒకే పూట ప్రయాణంలో ఉన్నవి.

మెట్రోను నిర్మించిన సంస్థకు తొలి నాయకుడైన ఇ. శ్రీధరన్ కేరళీయులు. 2002 డిసెంబరులో తొలి రైలు నడిపించి, 2004లో ఉత్తర ప్రాంగణం వద్ద విశ్వవిద్యాలయ స్టేషనును భూగర్భంలో తెరిపించినవారు. ఆయన ఇంజనీరింగు చదివినది ఎక్కడ అనుకొన్నారు? కాకినాడలో. దుర్గాబాయి టికెట్టు అడిగిన ఊరిలో.

హైదరాబాదు సంగతి చెప్పక ముగించలేను. దేశ్‌ముఖ్ దంపతులు చివరి సంవత్సరాలు అక్కడ గడిపినారు. ఇద్దరికీ 1975లో పద్మవిభూషణ్ బిరుదు వచ్చినది. 1981లో ఆమె, 1982లో ఆయన కన్నుమూసినారు. సికింద్రాబాదు నుండి ఫలక్‌నుమాకు పోయే స్థానిక రైలెక్కితే సీతాఫల్‌మండీ దాటిన తరువాత మూడు స్టేషన్లు వెంటవెంటనే వస్తవి: ఆర్ట్స్ కాలేజి, జామియా ఉస్మానియా, విద్యానగర్. మొదటిదానికి 1939లో ప్రారంభమైన ఆ గంభీరమైన కళాశాల భవనం పేరు. రెండవదానికి ఉర్దూలో ఉస్మానియా విశ్వవిద్యాలయమనే అర్థం. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఏర్పడిన ఆ విద్యాలయం పేరును ఆ భాషలోనే పట్టాల ప్రక్కన నిలిపినారు. మూడవదాని దగ్గర ఆంధ్ర మహిళా సభవారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆస్పత్రి. మద్రాసులో పరీక్షకు చదివించుటతో మొదలైన సభ, హైదరాబాదులో వైద్యశాల వరకు వచ్చినది. అక్కడి రైలులోను పుస్తకాల సంచీ, ఎక్స్‌రే కవరు ప్రక్కప్రక్కనే ప్రయాణం చేస్తవి. తేడా ఏమంటే, హైదరాబాదులో ఆమె పేరు ఆస్పత్రికి ఉన్నది, రైలు విశ్వవిద్యాలయం పేరు పిలుస్తుంది. ఢిల్లీలో రైలే ఆమె పేరు పిలుస్తుంది.

నెల దినాల క్రిందట ఇదే మార్గంలో ఐ.ఎన్.ఎ. వైపు పోతున్నాను. నా ప్రక్కన ఒక అమ్మాయి, ఆమెకు ప్రక్కన తండ్రి. ఆయన ఒడిలో ఆస్పత్రి కాగితాలు. మాటలను బట్టి బీహారువారు. ప్రకటన వినబడగానే ఆ అమ్మాయి మార్గపటంలో పేరు చూచి, ఈమె ఎవరని తండ్రిని అడిగినది. ఆయనకు తెలియలేదు. నాకు వచ్చిన కొద్ది హిందీలో నేను చెప్పినాను. నెహ్రూకు టికెట్టు అడిగిన మాట చెప్పేసరికి ఆ తండ్రి నవ్వినారు. ఉదయం నుండి ఆయన నవ్వి ఉండరని నాకు తోచినది. జైలు నుండి వచ్చి మెట్రిక్యులేషను వ్రాసినారంటే ఆ అమ్మాయి నమ్మలేదు. ‘ఎన్నో యేట?’ అని రెండుమార్లు అడిగినది. ఆమె తానూ ఏదో కారణం చేత చదువు మానుకొన్న పిల్ల అని తరువాత తెలిసినది. ఇంతలో ఐ.ఎన్.ఎ. వచ్చినది. తండ్రిని చేయి పట్టుకొని దించుకొంటూ, వెనుకకు తిరిగి, ఆమెది ఏ ఊరు అని అడిగినది. రాజమహేంద్రవరం అన్నాను. ఆ అమ్మాయి ఆ పేరును తనలో తాను ఒకసారి అనుకొని, తలుపులు మూసుకొనే లోపల దిగిపోయినది.